రెండో గీత

కిందటి వారం కత్తెరమ్మని టీవీ ముందు కుర్చీలో కూర్చోబెట్టి వచ్చేశాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది, కళ్ళు నులుముకుంటూ. మధ్యలో ఈ వీధిలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆ ఇంట్లో ఏదైనా ముక్కల్లోనే ఉంటుంది లెండి.

ముందు గది కుట్టు దుకాణం, వెనక గది కాపురం. దుకాణంలో కోటు గుడ్డ మీద కత్తెర పెట్టే హక్కు కత్తెరమ్మ ఒక్కదానిదే. మిగిలినవాళ్ళు కుడతారు, గుండీలు వేస్తారు, ఇస్త్రీ చేస్తారు, తిట్లు తింటారు. కత్తెరమ్మ అన్న పేరులోనే చూడండి, కత్తి ముందుంటుంది, తెర వెనకుంటుంది. ఇవాళ్టి గొడవంతా ఆ తెర గురించే.

ఆ తెర మామూలు తెర కాదు. ఇప్పటి టీవీల్లాగా గోడకి క్యాలెండర్‌లా వేలాడే పల్చటి జాతి కాదు, బీరువాకి పెద్దన్న. మూతపడిన ఓ హోటల్ హాల్లోంచి కొన్న పాత ప్రొజెక్షన్ టీవీ. దాన్ని లోపలికి తేవడానికి తలుపు చట్రం ఊడదీయాల్సి వచ్చింది. చట్రాన్ని మళ్ళీ బిగించారు కానీ తలుపు ఇప్పటికీ మూసుకోదు. కత్తెరమ్మ నోటిలాగే.

రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆవిడ ఒక్కతే దాని ముందు కూర్చుంటుంది. కథ చూడదు. హీరోయిన్ ఏడుస్తుంటే కన్నీళ్ళు చూడదు, కాలర్ చూస్తుంది. "ఆ భుజం కుట్టు చూడు, వాడెవడో కళ్ళు మూసుకుని కోశాడు" అంటుంది. అలాంటి మనిషికి ఈమధ్య తెర మీద మొహాలు రెండేసి కనిపించడం మొదలైంది. ముక్కు పక్కన ఇంకో ముక్కు. కాలర్ పక్కన ఇంకో కాలర్, నీలంగా, నీడలాగా. సాయంత్రం కోడలొచ్చి చూస్తే అంతా సరిగ్గానే ఉండేది. "రెండా? ఒకటేగా అత్తయ్యా!" అనేది పాపం అమాయకంగా. కొడుకూ అదే మాట అన్నాడు.

ప్రపంచంలో ఎవర్నీ నమ్మని కత్తెరమ్మ వాళ్ళని మాత్రం నమ్మింది. కళ్ళు పోయాయనుకుంది. అదే బెంగలో ఓ కోటు చెయ్యి పొట్టిగా కోసేసింది. అంత మంచి నీలం ఉన్ని గుడ్డ చెత్తబుట్ట పాలైంది. చివరికి లొంగిపోయి రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఒప్పుకుంది. ఇవాళ పొద్దున్న తన మెడలోని కొలతల టేపు తీసి కోడలి మెడలో వేసింది. సాయంత్రం కత్తెర కూడా ఇచ్చేస్తానంది. పదిహేనేళ్ళుగా కోడలు ఆ కత్తెర కోసం ఎదురుచూస్తోంది.

మరి కోడలేం చేసింది? గుండీల డబ్బా కోసం మధ్యాహ్నం వెనక గదిలోకి వచ్చి తెర వంక చూసింది. రెండు ముక్కులు. రెండు కాలర్లు. నోరు మూసుకుని గుండీలు తీసుకుపోతే సాయంత్రానికి కత్తెర చేతికొచ్చేది. ఈ పిచ్చిది నోరు తెరిచింది. "అత్తయ్యా, మీ కళ్ళు బాగానే ఉన్నాయి, నాక్కూడా రెండే కనిపిస్తున్నాయి" అని, పరిగెత్తుకెళ్ళి టీవీ మెకానిక్‌ని పిలుచుకొచ్చింది.

అతను గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు. ఇక కానిద్దాం.

"ఎవరే ఆ గొట్టంగాడు?" లోపల్నించి కత్తెరమ్మ గొంతు.

"గొట్టంగాణ్ణేనమ్మా! మూడు గొట్టాల టీవీ బాగుచేసేవాణ్ణి ఇంకేమని పిలుస్తారు? ఊరంతా గొట్టాల మాస్టారనే అంటారు. మీరు మర్యాద తగ్గించారు, అంతే." అతను నవ్వుతూ వచ్చి టీవీని చూసి రెండు చేతులూ జోడించాడు. "ఓహో, ఇంకా బతికే ఉన్నావా తల్లీ!"

"నాతో అంటున్నావా, టీవీతోనా?"

"ఇద్దరితోనూ."

పడక్కుర్చీలో పేపరు వెనక ఉన్న శాల్తీ కిసుక్కున నవ్వింది. ఆ శాల్తీ కత్తెరమ్మ మొగుడు రంగయ్య. రంగయ్య ఆయన పేరు కాదు, ఆయనకి పడిన శిక్ష. పుట్టుకతోనే ఆయనకి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు. ఎరుపైతే మరీను, నలుపుకి తమ్ముడిలా కనిపిస్తుంది. పెళ్ళైన కొత్తలో ఎర్ర కోటు కుట్టడానికి ఆకుపచ్చ దారం అందించాడు. కత్తెరమ్మ ఆ కోటునీ, దారాన్నీ, మొగుణ్ణీ దుకాణం గుమ్మంలో నిలబెట్టి, "మా రంగయ్యగారి రంగులు చూసిపోండి" అని దారిన పోయేవాళ్ళందర్నీ పిలిచింది. ఆ రోజు నుంచీ వీధికి ఆయన రంగయ్యే. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో.

"నవ్వింది చాలు రంగయ్యా, ఆ రిమోట్ ఇలా పడెయ్. మాస్టారూ, ఏమైందో చెప్పు. చేతకాకపోతే అదీ చెప్పు."

గొట్టాల మాస్టారు ముందు టీవీ పెట్టి చూశాడు. తెర మీద ఒకమ్మాయి ఎవరితోనో పోట్లాడుతోంది. ఆ అమ్మాయి పక్కన నీలం రంగులో ఇంకో అమ్మాయి కూడా పోట్లాడుతోంది.

"ఇద్దరున్నారు" అన్నాడు.

కత్తెరమ్మ ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఎన్ని వారాల నుంచి లోపల బిగబట్టి ఉందో ఏమో, కుర్చీ కూడా కిర్రుమంది. "ఇద్దరేనా? ఖాయమా?"

"ఖాయం. నా పెళ్ళాం మీద ఒట్టు."

"నీ పెళ్ళాం సంగతి నాకెందుకు, టీవీ సంగతి చెప్పు."

మాస్టారు టీవీ కింది ముందు పలక విప్పి, పక్కకి పెట్టాడు. లోపల చీకట్లో మూడు లెన్సులు, మూడు గాజు కళ్ళలా పైకి చూస్తున్నాయి. ఒకటి ఎర్రగా, ఒకటి ఆకుపచ్చగా, ఒకటి నీలంగా వెలుగుతోంది.

"ఈ మూడు గొట్టాలూ మూడు బొమ్మలు గీస్తాయమ్మా. ఒకటి ఎర్ర బొమ్మ, ఒకటి పచ్చది, ఒకటి నీలంది. మూడూ వెనకున్న అద్దానికి తగిలి తెర మీద పడతాయి. మూడూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడితేనే మనకి ఒక్క బొమ్మలా కనిపిస్తుంది."

"మూడు పొరల గుడ్డ అంచులు కలిపి పరిచినట్టు" అంది కత్తెరమ్మ.

"అంతే. ఇప్పుడు ఒక పొర జరిగింది. ఏ పొర, ఎందుకు జరిగింది, అదీ లెక్క."

అతను టార్చి వేసి ఒక్కో లెన్సులోకీ తొంగి చూశాడు. "గొట్టాలు వేడెక్కకుండా లోపల నీళ్ళలాంటి ద్రవం ఉంటుంది. అది చెడితే బొమ్మ మసకేస్తుంది. ఇక్కడ ద్రవం శుభ్రంగా ఉంది. అద్దం మీద దుమ్ముంది, దుమ్ముంటే బొమ్మ మాసిపోతుంది కానీ రెండవదు." తర్వాత రిమోట్ తీసుకుని ఏవో మీటలు నొక్కాడు. పోట్లాడే అమ్మాయిలిద్దరూ మాయమయ్యారు. నల్లటి తెర మీద అడ్డంగా, నిలువుగా సన్నటి గీతలు, మధ్యలో ఒక ప్లస్ గుర్తు కనిపించాయి. ఆ ప్లస్ పసుపుగా ఉంది. దాని పక్కనే కుడివైపు కొంచెం పైన ఇంకో ప్లస్, నీలంగా.

"ఓ అట్టముక్క ఇయ్యమ్మాయ్."

కోడలు కాలర్‌లో పెట్టే అట్ట ఒకటి కత్తిరించి ఇచ్చింది. మాస్టారు నీలం లెన్సు మీద ఆ అట్ట పెట్టాడు. నీలం గీతలన్నీ పోయాయి. మిగిలిన పసుపు గీతలు సూదిమొనలా సూటిగా, ఒంటిగా నిలబడ్డాయి.

"ఎరుపూ పచ్చా కలిస్తే పసుపు. అంటే ఆ రెండూ ఒకదాని మీద ఒకటి ముద్రగుద్దినట్టు ఉన్నాయి. తేడా అంతా నీలానిదే."

"భాగమేదైనా కాలిపోయిందా?" కోడలు అడిగింది.

"అదే ముందు అనుకున్నానమ్మాయ్. ఈ టీవీల్లో గీతల్ని అదుపులో ఉంచే చిప్పు ఒకటి ఉంటుంది. అది కాలిపోవడం మామూలే. కానీ అది కాలితే గీతలు వంగిపోతాయి, మూలలు విల్లులా తిరుగుతాయి. పైగా రిమోట్‌తో ఎంత లాగినా దారికి రావు. ఇక్కడ చూడు. నీలం గీత ఎక్కడా వంగలేదు. పొర మొత్తం నీటుగా పక్కకి జరిగింది." అతను అట్ట తీసి రిమోట్ మీద బాణం గుర్తులు నొక్కాడు. టక్, టక్, టక్. నీలం ప్లస్ బుద్ధిగా నడుచుకుంటూ వచ్చి పసుపు ప్లస్ మీద కూర్చుంది. రెండూ కలిసి తెల్లబడ్డాయి. "వచ్చేసింది. రోగమే లేదు దీనికి."

"మరి ఎలా జరిగింది?"

మాస్టారు రిమోట్‌ని అరచేతిలో బరువు చూసుకుంటున్నట్టు ఆడించాడు. అతనిలో జాలి కంటే తమాషా చూసే సరదా ఎక్కువని మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

"చూడండమ్మా, టీవీ వేడెక్కితే గీత కాస్త అటూ ఇటూ జరుగుతుంది. ఇంత దూరం జరగదు. జరిగినా మూడు రంగులూ తలో కాస్త జరుగుతాయి. పైగా ఈ అమ్మాయి దారిలో చెప్పింది, మధ్యాహ్నం రెండుగా ఉండి, సాయంత్రానికి ఒకటవుతుందట. ఏ చిప్పుకైనా మధ్యాహ్నం, సాయంత్రం అని తెలుస్తుందా?" అంటూ అందరి మొహాలూ చూశాడు. "ఎవరో జరిపారు. మీరు చూసే వేళకి జరిపి, వీళ్ళు చూసే వేళకి మళ్ళీ సర్దుతున్నారు."

 ముందు గదిలో ఇస్త్రీ పెట్టె బుస్సుమంది.

కుట్టు ఇంట్లో కుట్ర! కత్తెరమ్మకి విషయం ఎక్కడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. లేచింది. నేరుగా కోడలి దగ్గరికి వెళ్ళి, పొద్దున్న తానే వేసిన టేపుని ఆ పిల్ల మెడలోంచి లాగింది. మెల్లగా లాగింది. మెడ చుట్టూ ఒరుసుకుంటూ మొత్తం బయటికి వచ్చేదాకా.

"అత్తయ్యా…"

"ఎంత ఓపికే నీకు! పదిహేనేళ్ళు నీ కుట్టు వంకరంటే తలొంచుకున్నావు. తలొంచుకుని ఇదా చేస్తున్నావు? నా కుట్టు వంకరంటావా, నీ చూపే వంకర చేస్తాను అనుకున్నావా?"

"నేను కాదత్తయ్యా. నేనే అయితే మెకానిక్‌ని ఎందుకు పిలుస్తాను?"

"భయమేసి పిలిచావు. రేపు డాక్టరు చూసి కళ్ళు బాగానే ఉన్నాయంటే దొరికిపోతావని. అప్పుడు మంచిదానివి కావాలిగా!" కత్తెరమ్మ టేపుని చేతికి చుట్టుకుంటోంది, ఒక్కో చుట్టూ బిగించి. "సాయంత్రం రోజూ నా పక్కన నిలబడి 'ఒకటేగా అత్తయ్యా' అన్నావే, ఆ మాట అనేటప్పుడు నీకు లోపల ఎంత కమ్మగా ఉండేదో చెప్పు. వింటాను."

"అప్పుడు నిజంగా ఒకటే…"

"నోటికొచ్చిన మాట కాదు, ఆధారం చూపించు. దుకాణంలో దారాలు బోలెడున్నాయి, ఆధారం ఒక్కటి చూపించు. లేదా మీ ఆయన ఊరి నుంచి రాగానే ఇద్దరూ సామాన్లు సర్దుకోండి."

కోడలు ఏడవలేదు. ఏడిస్తే గుడ్డల మీద మరకలు పడతాయని ఆ ఇంట్లో ఏడుపు ఎప్పుడో నిషేధం. నీలం రంగు వల్ల పడ్డ నింద కాబట్టి దీన్ని అచ్చంగా నీలాపనింద అనుకోవచ్చు. కానీ ఆ పిల్ల మొహం చూస్తే నాకే ఈ మాట నవ్వు తెప్పించలేదు.

రంగయ్య పేపరు వెనక నుంచి ఒక్క ముక్క మాట్లాడలేదు. పేపరు మాత్రం కొంచెం పైకి లేచింది.

"ఒక్కటే అర్థం కాలేదమ్మా" అన్నాడు గొట్టాల మాస్టారు, పలక బిగించడానికి వంగుతూ. "ఈ మెనూలో ఎరుపునీ జరపొచ్చు, నీలాన్నీ జరపొచ్చు. మనిషిని ఏడిపించాలంటే ఎరుపు జరపాలి. మొహాలు నెత్తురోడుతున్నట్టుంటాయి. వారం కూడా కూర్చోలేరు ఎవరూ. నీలం నీడలాంటిది, అంతగా కొట్టొచ్చినట్టు కనపడదు. ఇంత శ్రద్ధగా పాడుచేసినవాళ్ళు ఎరుపు జోలికే ఎందుకు పోలేదో!"

కత్తెరమ్మ చేతి మీద టేపు ఆగిపోయింది.

రంగుల్లో పుట్టి రంగుల్లో పెరిగిన మనిషి. ఆవిడకి ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. జరపడం ఎవరైనా జరుపుతారు. సాయంత్రానికి తిరిగి సర్దాలి. సర్దాలంటే గీత కనపడాలి. ఎరుపుని సర్దలేనివాళ్ళే ఎరుపు జోలికి పోరు.

ఆవిడ గొంతు ఒక్కసారిగా తేనెలో ముంచినట్టు మెత్తబడింది. ఇంట్లోవాళ్ళు ఆ మెత్తదనానికే ఎక్కువ భయపడతారు.

"మాస్టారూ, ఆ పలక అప్పుడే బిగించకు. ఎరుపుని కాస్త పక్కకి జరుపు."

మాస్టారు జరిపాడు. తెల్ల ప్లస్ చీలి, పక్కన ఎర్ర ప్లస్ ఒకటి పుట్టింది.

"ఏవండీ" అంది కత్తెరమ్మ. నలభై ఏళ్ళలో ఆవిడ ఆ పిలుపు పిలవడం అదే మొదటిసారి అనుకుంటాను. "ఇలా రండి. దాన్ని ఒక్కసారి సర్దిపెట్టండి."

పేపరు దిగింది. "నాకేం తెలుసే ఆ మీటలు?"

"మాస్టారు చెబుతాడు. బాణం గుర్తులంతే. రండి, కోడలి కాపురం నిలబెట్టండి."

ఆయన వచ్చాడు. రిమోట్ తీసుకున్నాడు. మాస్టారు ఇంకా ఏ మీటో చూపించకముందే ఆయన బొటనవేలు బాణం మీదకి వెళ్ళిపోయింది. కోడలు అది చూసింది. టక్, టక్. ఎర్ర ప్లస్ దూరంగా జరిగింది. టక్, టక్, టక్. ఇంకా దూరం.

"ఎక్కడుందండీ?"

"ఇదిగో… ఇక్కడే…"

"ఇక్కడంటే?"

ఆయన కళ్ళు చికిలించి తెరకి దగ్గరగా వెళ్ళాడు. నల్లటి తెర మీద ఎర్రటి గీతని వెతుకుతున్నాడు. ముక్కు తెరకి తగిలేలా ఉంది. టక్, టక్. ఎర్ర ప్లస్ ఆయన చెవి పక్క నుంచి, భుజం పక్క నుంచి మెల్లగా పాక్కుంటూ తెర అంచు దాటి వెళ్ళిపోయింది. ఆయన ఇంకా మధ్యలోనే వెతుకుతున్నాడు.

"వచ్చిందా?" అన్నాడు.

కత్తెరమ్మ నవ్వింది. గట్టిగా, కడుపు పట్టుకుని, ముందు గదిలో గుండీలు కుట్టేవాళ్ళు సూదులాపి తొంగిచూసేలా నవ్వింది. "రండి, రండి, మా రంగయ్యగారి రంగు చూసిపోండి! ఇన్నాళ్ళకి అసలు రంగు బయటపడింది!"

రంగయ్య రిమోట్‌ని బల్ల మీద పెట్టాడు. పెట్టిన తీరు జాగ్రత్తగా ఉంది.

"అవును, నేనే" అన్నాడు.

"మామయ్యా!" అంది కోడలు. "అత్తయ్య నా టేపు లాక్కుంటుంటే మీరు పేపరు చదువుతున్నారా?"

"చదవలేదమ్మా. పట్టుకున్నాను." ఆయన కోడలి వైపు చూడలేదు. పెళ్ళాం వైపే చూస్తున్నాడు. "ఏ పూటకా పూట ఇవాళ్టితో మానేద్దాం అనుకునేవాణ్ణి. కానీ నువ్వు కళ్ళు నులుముకోవడం చూస్తే ఆకలేసేది నాకు. తృప్తిగా భోంచేసేవాణ్ణి. నలభై ఏళ్ళు నన్ను గుమ్మంలో నిలబెట్టావు. ఎదురుగా ఉన్నది కనపడకపోతే మనిషికి లోపల ఎలా ఉంటుందో నీకు తెలియాలనిపించింది. తెలిసిందా?"

"తెలిసింది" అంది కత్తెరమ్మ.

"ఎలా ఉంది?"

"నీలా ఉంది. కంపరంగా."

గొట్టాల మాస్టారికి కూడా ఇక తమాషా అనిపించలేదు. ఎరుపుని వెనక్కి తెచ్చే పనిలో పడ్డాడు.

"రేపటి నుంచి నువ్వు మళ్ళీ దారాలు అందిస్తావు" అంది కత్తెరమ్మ మొగుడితో. "ఊరికే అందించడం కాదు. రంగు పైకి చెప్పి అందించాలి. కోటు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు వినేలా. తప్పు చెబితే వాళ్ళే దిద్దుతారు, పిల్లలు కూడా దిద్దుతారు. ఇష్టం లేకపోతే తలుపు మూసుకోదుగా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు."

ఆయన తలొంచుకున్నాడు. ఆ తల ఒంగిన కోణం చాలా పాతది.

ఆవిడ కోడలి వైపు తిరిగింది. ఇప్పుడైనా ఓ మంచి మాట అంటుందని ఆ పిల్ల ఆశపడింది కాబోలు, మెడ కాస్త ముందుకి వంచింది, టేపు వేయించుకోవడానికి.

"నిన్ను అనుమానించాను. ఇంత ఆలోచన చేసేదానివనుకున్నాను. పొరపాటు నాదే. నీకంత బుర్రెక్కడిది?" టేపు తన మెడలోనే వేసుకుంది. "కత్తెర సంగతి మర్చిపో. డాక్టరుకి కబురు పంపు, రావట్లేదని. నా కళ్ళకేం రోగం లేదు. రోగం పడక్కుర్చీలో ఉంది."

"ఎందుకైనా మంచిది, ఒక్కసారి చూపించుకుంటే… ఆ కోటు చెయ్యి కూడా పొట్టిగా…"

"ఈయన చేసిన పనికి అనుమానం పట్టుకుని చెయ్యి వణికింది. అనుమానం పోయింది, వణుకు పోయింది."

"అమ్మా, ఒక్కసారి ఇటు చూడండి" అన్నాడు మాస్టారు. "సర్దేశాను. మీరు సరేనంటే భద్రపరిచి, ఈ మెనూకి తాళం వేసేస్తాను. ఇక ఎవరూ కదపలేరు. అమ్మాయ్, నీకు ఎన్ని?"

"ఒకటే. తెల్లగా ఉంది" అంది కోడలు.

"నాక్కూడా ఒకటే. మీకు?"

కత్తెరమ్మ చూసింది.

నల్లటి తెర మధ్యలో తెల్లటి ప్లస్. దాని పక్కనే, కొంచెం పైన, ఇంకొకటి.

ఈసారి రెండోది నీలం కాదు. అదీ తెల్లగానే ఉంది.

ఆవిడ కంట్లో నలుసు పడినట్టు కుడికన్ను అరచేత్తో మూసుకుంది, ఇందాక మాస్టారు లెన్సు మీద అట్ట పెట్టినట్టే. రెండు. చెయ్యి మార్చి ఎడమకన్ను మూసుకుంది. రెండు, కాస్త మసగ్గా. చెయ్యి తీసేసింది. తల కొంచెం పక్కకి తిప్పి చూస్తే తెరే కాదు, తెర అంచు రెండు, తలుపు చట్రం రెండు, చట్రానికి ఆనుకుని నిలబడ్డ మొగుడు ఇద్దరు. ఇద్దరు రంగయ్యలూ ఆవిడ అరచేతినే చూస్తున్నారు. కోడలు చూడలేదు. మాస్టారు చూడలేదు. ఆయన ఒక్కడే చూశాడు, ఆవిడ ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూయడం.

"ఎన్నమ్మా?" మాస్టారు మళ్ళీ అడిగాడు.

"ఒకటే" అంది కత్తెరమ్మ. "తాళం వేసెయ్."

అతను తాళం వేసి, పలక బిగించి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ అప్పటికే ముందు గదిలో ఉంది, కోత బల్ల దగ్గర. కుట్టేవాళ్ళందరూ చూస్తున్నారు. చూడాలనే ఆవిడ కోరిక.

"పాడైన కోటు మళ్ళీ కోస్తాను. ఆ నీలం ఉన్ని గుడ్డ తియ్యి. గీత గీసిన ముక్క ఉందిగా, అదే పరుచు. రెండు వైపులా గట్టిగా నొక్కి పట్టుకో. ఈసారి ఎవడొస్తాడో చూస్తాను నా చూపుకి వంక పెట్టడానికి."

కోడలు గుడ్డ పరిచి, గీతకి అటో చెయ్యి ఇటో చెయ్యి వేసి నొక్కిపట్టింది. గుడ్డ మీద బరువులు పెట్టకుండా మనిషి చేతులతోనే పట్టించడం ఆ దుకాణంలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. కోసే చేతికీ పట్టే చేతికీ మధ్య వెడల్పు ఒక వేలు. ఆ ఒక వేలు మీద నమ్మకంతోనే అక్కడ అందరూ వేళ్ళు మిగుల్చుకున్నారు.

రంగయ్య గుమ్మం దాకా వచ్చాడు. ఆయన చేతిలో ఏదో దారం ఉంది, ఏ రంగో ఆయనకి తెలీదు.

"ఆగు" అన్నాడు. "ఆవిడకి కనపడటం లేదు. ఇందాక చూశాను, రెండు కళ్ళూ మార్చి మార్చి… అమ్మాయ్, చేతులు తియ్యి. ఆవిడకి నిజంగానే రెండు కనపడుతున్నాయి!"

ఒక్క క్షణం అందరూ ఆయన వంక చూశారు. మరుక్షణం గుండీలు కుట్టే ఆయన కిసుక్కుమన్నాడు. ఆ పక్కవాడు అందుకున్నాడు. దుకాణమంతా పకపకలాడింది. ఆ ఇంట్లో కళ్ళ గురించి ఆయన మాటకి ఇక విలువేముంది?

"ఇంకా ఆశ చావలేదా రంగయ్యా?" అంది కత్తెరమ్మ, తలెత్తకుండానే.

కోడలు నవ్వలేదు. మామయ్య మొహం చూసింది. ఇందాక పేపరు వెనక దాక్కున్న మొహం అది. తనని బయటికి గెంటుతుంటే నోరు విప్పని మొహం. చూసి, చూపు తిప్పుకుని, అరచేతుల్ని ఇంకాస్త గట్టిగా నొక్కింది.

"కొయ్యండత్తయ్యా" అంది.

నీలం గుడ్డ మీద తెల్ల సుద్దగీతలు రెండు. గుడ్డని నొక్కిపట్టిన కోడలి చేతులు నాలుగు. కత్తెరమ్మ ఒక గీతని నమ్మింది. కత్తెర తెరిచింది.